పటమునకును పట్టికకును ముడి

పటమును చూచి మురియుటకు కన్నులుండిన చాలును. దాని వెనుకనున్న పట్టికను చదువుటకు కొంత ఓర్పు వలయును. భౌగోళిక సమాచార వ్యవస్థ యని పిలువబడు కంప్యూటరు సాధనములలో, తెరపై కనబడు ప్రతి జిల్లాకును వెనుక నొక పట్టికలో ఒక వరుస యుండును. జిల్లాపేరు, సంకేతసంఖ్య అందుండును. జనాభా లెక్కలు మాత్రము తరచుగా వేరొక పట్టికలో వచ్చును. రెండింటికిని ఉమ్మడిగానున్న ఒక అంశమును పట్టుకొని వానిని జోడింపవలెను.

పేరునుబట్టి జోడించుట సులభమని తోచును. కాని యంత్రము అక్షరములను పోల్చునే గాని ఊళ్లను ఎరుగదు. 2001 లెక్కలలో కడపగా నున్న జిల్లా 2011 లెక్కలలో వై.ఎస్.ఆర్. పేరిట నున్నది. మనకు ఒకటే, యంత్రమునకు రెండు. జత కుదరక ఆ జిల్లా పటముపై తెల్లగా మిగులును. అట్లు మిగులుటయే మేలు! ఆ ఖాళీని సున్నతో నింపినచో, అచ్చట మనుష్యులే లేరని పటము పలుకును.

సంకేతసంఖ్యలు ఇంతకంటె నమ్మదగినవి. అయినను మెలకువ వలయును. 2011 లెక్కలలో ఉత్తర ప్రదేశ్ సంకేతము 09. యంత్రము దానిని అంకెగా చదివినచో ముందరి సున్న రాలిపోయి 9 అగును. రెండవ పట్టికలోని 09తో అది కలియదు. కనుక దానిని అక్షరములుగా చదువుమని ముందే చెప్పవలెను.

జోడింపు కుదిరిన పిమ్మట రంగులు. 2011లో హైదరాబాదు జిల్లా జనాభా 39,43,323. మహబూబ్‌నగర్ జిల్లాది 40,53,028. మొత్తమునుబట్టి రంగు వేసినచో రెండును ఇంచుమించు ఒక్కటిగనే కనబడును. కాని మొదటిదాని వైశాల్యము 217 చదరపు కిలోమీటర్లు, రెండవదానిది 18,432. పట్టికలో మరియొక గడి చేర్చి, జనాభాను వైశాల్యముచే భాగించి చూడుడు: చదరపు కిలోమీటరుకు అచ్చట 18,172 మంది, ఇచ్చట 220 మంది. ఆసుపత్రి ఎంత దూరమున కొకటి యుండవలెనని యోచించువారికి ఈ రెండవ పటమే పనికివచ్చును.

అన్నింటికంటె చిక్కైనది సరిహద్దుల మార్పు. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయినవి. పాత మహబూబ్‌నగర్ విడిపోయి వనపర్తి, నాగర్‌కర్నూల్ మున్నగునవి ఏర్పడినవి; అయినను మహబూబ్‌నగర్ అను పేరు ఒక చిన్న జిల్లాకు నిలిచినది. 2011 పట్టికను క్రొత్త పటమునకు పేరుతో జోడించినచో మహబూబ్‌నగర్‌కు జత చక్కగా కుదురును, అచ్చట ఖాళీయు మిగులదు. కాని నలుబది లక్షలమందియు ఆ చిన్న జిల్లాలోనే యున్నట్లు తేలును! ఇట్టి తప్పును యంత్రము చెప్పదు. గ్రామముల లెక్కలకు దిగి, ఏ గ్రామము ఏ క్రొత్త జిల్లాలో చేరినదో చూచి, మరల కూడుకొని రావలసినదే.