పెంటకుప్పలో డికాక్షన్

కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కలిసే చోటికి మా ఊరు దగ్గరే. మాది నల్లరేగడి, పత్తి, మిర్చి వేస్తాం. మొన్న ఎరువుల దుకాణంలో హ్యూమిక్ యాసిడ్ డబ్బా ఒకటి అంటగట్టారు. ఇంటికొచ్చి, మాగిన పెంట ఎరువు గుప్పెడు తీసి వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లలో వేశాను. తెల్లారి చూస్తే గ్లాసు నిండా డికాక్షన్ రంగు. డబ్బాలోదీ ఇదే జాతి సరుకు! కాకపోతే దాన్ని ఎక్కువగా లిగ్నైట్ నుంచి తీస్తారు.

హ్యూమస్ అనే ఈ నలుపు ఓ పట్టాన తెగదు. పెద్ద పెద్ద చిక్కుముడులు, బ్యాక్టీరియా ఒంట్లోకి దూరవు. అందుకే స్ట్రెప్టోమైసిస్ వంటి మట్టి బ్యాక్టీరియా ఎంజైములను బయటికే వదులుతాయి. వాటిలో ల్యాకేజ్‌ది వింత పని. అందులోని నాలుగు రాగి పరమాణువులు హ్యూమస్ నుంచి ఎలక్ట్రాన్లు లాగి ఆక్సిజన్‌కు అందిస్తాయి. ఆక్సిజన్ నీరవుతుంది, ముడి వదులవుతుంది, ఇరుక్కున్న నత్రజని కొంత బయటపడుతుంది. ఒక్కోసారి తెగిన ముక్కల్ని మళ్లీ అతికించేదీ ఈ ఎంజైమే! నిజం చెప్పాలంటే ఈ పనిలో బూజులే మొనగాళ్లు.

తొలకరికి లేచే మట్టివాసనలో స్ట్రెప్టోమైసిస్ వాటా పెద్దది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన అమెరికా ప్రయోగశాలలో దొరికి, 1948లో వెలుగుచూసిన ఆరియోమైసిన్ మందు కూడా ఆ కుటుంబానిదే.

వట్టి హ్యూమస్‌తో ఈ సూక్ష్మజీవులకు కడుపు నిండదు. పచ్చి మేత తోడుంటేనే జోరు. జీలుగో జనుమో కలియదున్నండి. పత్తికట్టెకు మాత్రం అగ్గి పెట్టకండి, అదీ వాటికి మేతే.