మందుల పెట్టె మీద ఎర్ర క్రాసు



మీ ఇంట్లో మందుల పెట్టె ఉందా? దాని మూత మీద ఎర్రగా కూడిక గుర్తు వేసి ఉందా? మా ఇంట్లో ఉండేది. పాత బిస్కెట్ల డబ్బాకి తెల్లరంగు పూసి, ఆ పైన ఎర్ర పెయింటుతో నేనే వేశాను. చూసినవాళ్ళంతా ముచ్చటగా ఉందన్నారు కూడాను! సైన్యం వైద్య విభాగంలో పనిచేసి రిటైరైన మా పెద్దన్నయ్య మాత్రం చూసి, "అమ్మాయ్, ఆ గుర్తు నీది కాదు, తుడిచెయ్" అన్నాడు.

మరి ఎవరిదండీ అది?

1859 జూన్ 24న ఇటలీలోని సాల్ఫరీనో దగ్గర ఒకవైపు ఫ్రాన్సు, సార్డీనియా సేనలు, మరోవైపు ఆస్ట్రియా సేనలు ఘోరంగా పోరాడాయి. గాయపడ్డ వేలాదిమందికి గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేకపోయింది. పక్క ఊరు కాస్తిలియోనే ఆడవాళ్ళు నీళ్ళూ, కట్లు కట్టేందుకు గుడ్డలూ తెచ్చి, మనవాడా పగవాడా అని చూడకుండా సేవ చేశారు. సొంత పనిమీద అటు వచ్చిన స్విట్జర్లాండు వ్యాపారి హెన్రీ డ్యునాంట్ కూడా వాళ్ళతో కలిశాడు. చూసిందంతా 1862లో పుస్తకంగా అచ్చువేయించాడు. దాని ఫలితమే 1864లో పన్నెండు దేశాలు సంతకం చేసిన జెనీవా ఒప్పందం.

గాయపడ్డ సైనికుడు ఏ పక్షం వాడైనా అతనికి చికిత్స చెయ్యాలి. వైద్యం చేసేవాళ్ళ మీదా, వాళ్ళ ఆసుపత్రుల మీదా దాడి చెయ్యకూడదు. ఇదీ నియమం. మరి దూరాన తుపాకీ పట్టుకున్నవాడికి అది ఆసుపత్రి అని ఎలా తెలుస్తుంది? అందుకే తెల్లని నేల మీద ఎర్ర క్రాసు. స్విట్జర్లాండు జెండా రంగుల్ని తారుమారు చేస్తే వచ్చే గుర్తన్నమాట. కొన్ని దేశాలు ఎర్ర నెలవంక వాడతాయి. దానికీ ఇదే విలువ.

1949లో ఈ నియమాల్ని నాలుగు ఒప్పందాలుగా విస్తరించారు. వాటిని అమలుపరచడానికి మన దేశం 1960లో చట్టం చేసింది. దాని ప్రకారం కేంద్ర ప్రభుత్వం అనుమతి లేకుండా ఈ గుర్తు ఎవరూ వాడకూడదు. డాక్టరుగారి కారైనా, మందుల షాపు బోర్డయినా సరే, తప్పు తప్పే. జరిమానా కూడా ఉంది.

"డబ్బా మీద వేసుకుంటే ఎవరి ప్రాణం పోతుంది, అన్నయ్యా?" అన్నాను.

"పెళ్ళికారు కూడా అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ పోతే, రేపు నిజం అంబులెన్సుకి దారెవరిస్తారు? మేం ఆ గుర్తు చేతికి కట్టుకుని, దాన్ని నమ్ముకునే స్ట్రెచర్లు మోశాం" అన్నాడు.

నాకిక మాట రాలేదు. ఆ గుర్తు గుండుకి అడ్డుపడే ఇనుప కవచమేం కాదు. ఎదుటివాడికి దాని మీద నమ్మకం ఉన్నంతవరకే అది కాపాడుతుంది. అందుకే, ఆ గుర్తు చాటున ఆయుధాలు దాచి శత్రువుని మోసగించి చంపడం యుద్ధనేరం. ఒకసారి మోసపోయినవాడు, తరువాత నిజంగా క్షతగాత్రుల్ని తీసుకొచ్చే బండిని నమ్ముతాడా? నియమం ఉన్నా ఆసుపత్రుల మీద బాంబులు పడ్డ సందర్భాలు లేకపోలేదు. అలాంటప్పుడు ఉన్న నమ్మకాన్ని మనమూ పలచన చెయ్యడం ఎందుకు?

ఆ సాయంత్రమే డబ్బాకి ఆకుపచ్చ రంగు పూసి, తెల్లని అక్షరాలతో "మందులు" అని రాశాను. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడిపోయారు. మీరూ ఓసారి మీ అలమారు తెరిచి చూడండి. యుద్ధాన్ని మనం ఆపలేకపోవచ్చు. గాయపడ్డ ఏ తల్లి కొడుకునో కాపాడే గుర్తుని మాత్రం చులకన కాకుండా చూసుకోగలం కదా!