పొగకు పోసే రూపాయి

పండుగ దగ్గర పడేసరికి ఏ సంఘంలోనైనా ఒక పని చివరికి మిగిలిపోతుంది. మా సంఘంలో ఈసారి మిగిలిపోయినవి బల్లలు. మంచిర్యాల వైపు ఒక గ్రామంలో మేము నిలబెట్టిన చిన్న ప్రార్థన మందిరంలో ఇంతవరకు అందరూ చాపల మీదనే కూర్చుంటున్నారు. మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దల కొరకు 2026 మట్టల ఆదివారం నాటికి పన్నెండు బల్లలు చేయించాలని పురుషుల సహవాసంలో తీర్మానించాము.

కర్ర దొరికింది. వడ్రంగి మేస్త్రి మా సంఘ సభ్యుడే. కరీంనగర్‌లో ఆయనకు చిన్న కార్ఖానా ఉంది. కూలి తీసుకోనని ముందే చెప్పాడు. అయితే పగలంతా ఆయన వేరేవాళ్ల ఇంటి తలుపుల పనిలో ఉంటాడు. మేము ముగ్గురం ఉద్యోగస్థులం. అందుచేత సామాను కొనడానికి రాత్రి తప్ప వేరే వేళ కుదరలేదు. ఫిబ్రవరి నెలలో ఒక శనివారం రాత్రి తొమ్మిది దాటాక మేస్త్రిని వెంటబెట్టుకొని టవర్ సర్కిల్ వైపు బయలుదేరాము.

సగం షట్టర్లు దించిన దుకాణాల ముందు నిలబడి స్క్రూలు, మేకులు, జిగురు డబ్బా, ఉప్పుకాగితం, వార్నిష్, రందాకు కొత్త బ్లేడు అడిగి తీసుకున్నాము. ఇంటికి పోయే తొందరలో ఉన్న దుకాణదారు "పొద్దుగాల రారాదు సార్!" అని విసుక్కుంటూనే అన్నీ తూచి ఇచ్చాడు. మా సంచిలోని డబ్బు ఎక్కువగా పది, ఇరవై రూపాయల నోట్లు. ఆ గ్రామపు అక్కలు బల్లల కొరకు వారం వారం కూడబెట్టి ఇచ్చిన కానుక అది.

పాన్ డబ్బా దగ్గర

సామాను ఆటోలో పెట్టాక మేస్త్రి పక్కనున్న పాన్ డబ్బా దగ్గరకు వెళ్లాడు. మేము చూడనట్టే నిలబడ్డాము. ఆయన సిగరెట్టు అలవాటు మాకు తెలియనిది కాదు. కాసేపటికి మాటలు పెరిగాయి.

"గిదేంది, మొన్నటి రేటు గాదా?"

"మొన్నటిది మొన్ననే పాయె కాకా. కొత్త స్టాకు, కొత్త రేటు. నేనేం జేస్త?"

మేస్త్రి చేతిలోని పెట్టెను తిప్పి ధర చూశాడు. తిరిగి ఇచ్చేశాడు. "అయితే ఒక బీడీ కట్ట ఇయ్యి" అన్నాడు.

మాలో ఒకరు ఉండబట్టలేక, "మేస్త్రీ, ధర ఎట్లాగూ పెరిగింది. ఇదే అదనుగా మానెయ్యరాదా?" అన్నారు. మేస్త్రి కోపం తెచ్చుకోలేదు. బీడీ కట్టను జేబులో పెట్టుకుంటూ నెమ్మదిగా అన్నాడు:

"మానాలెనే ఉన్నదన్నా. గని ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. మీ సంచిల పైసలు యాడియి? ఆ ఊరి అక్కలు బీడీలు చుట్టిన పైసలే గదా. బీడీ తాగుడు పాపమైతే, బీడీ పైసలతోని జేసిన బల్ల మీద కూసోని పాట ఎట్ల పాడుతరు?"

మా ముగ్గురిలో ఎవరికీ జవాబు రాలేదు. ఆటోలో కార్ఖానాకు చేరేంతవరకు ఎవరమూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నను మీ ముందు కూడా పెట్టాలనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ధర ఎందుకు పెరిగింది?

సిగరెట్ల మీద పన్నుల విధానం 2026 ఫిబ్రవరి 1 నుండి మారింది. అంతకుముందు 28 శాతం జి.ఎస్.టి., దానిమీద పరిహార సెస్సు ఉండేవి. ఆ రోజు నుండి జి.ఎస్.టి. 40 శాతమైంది. సెస్సు తొలగించి, దాని స్థానంలో సిగరెట్టు పొడవును బట్టి ప్రతి వెయ్యింటికి 2,050 నుండి 8,500 రూపాయల వరకు ఎక్సైజు సుంకం విధించారు. అంటే ఒక్కొక్క సిగరెట్టు మీద రెండు రూపాయల చిల్లర నుండి ఎనిమిదిన్నర రూపాయల వరకు సుంకమే ఉంటుంది. పన్ను పెరిగితే పొగ తాగేవారు తగ్గుతారని, ముఖ్యంగా చిన్న వయసువారు ఆ అలవాటుకు దూరంగా ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నది.

ఇంట్లో కూర్చుని ఒక లెక్క వేసి చూడండి. ఒక సిగరెట్టు 12 రూపాయలని, రోజుకు ఆరు కాలుస్తారని అనుకుందాం. రోజుకు 72 రూపాయలు. నెలకు 2,160. సంవత్సరానికి 26,280 రూపాయలు. పిల్లల ఫీజు కట్టలేక అప్పు కోసం తిరిగే ఇంట్లోనే ఇంత డబ్బు బూడిదై పోతున్నది. ఆకలి తీర్చని దాని మీద సంపాదన పోయడమెందుకని యెషయా ప్రవక్త 55వ అధ్యాయంలో అడిగిన ప్రశ్న ఈ ఇంటికి సరిగ్గా సరిపోతుంది.

బీడీకి మారితే మేలా?

మేస్త్రి చేసినట్టే చాలామంది చేస్తారు. సిగరెట్టు భారమైతే బీడీకి దిగుతారు. జేబుకు అది తేలికే. అదే ఫిబ్రవరి 1 నుండి బీడీల మీద జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. బీడీ చుట్టే తునికాకు మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుండే 18 శాతం నుండి 5 శాతానికి తగ్గింది.

కాని ఊపిరితిత్తులకు ఈ తేడా తెలియదు. బీడీలో పొగాకు తక్కువే అయినా, అది ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికి గట్టిగా పీల్చాలి. అందుచేత నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టుకంటే ఎక్కువగానే లోపలికి చేరతాయి. నోటి క్యాన్సరు, ఊపిరితిత్తుల క్యాన్సరు, గుండె జబ్బు, క్షయ — ఇవన్నీ బీడీ తాగేవారి వెంట కూడా ఉంటాయి. 2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. సిగరెట్టు తాగేవారు 4 శాతమైతే, బీడీ తాగేవారు 7.7 శాతం. పేదవాని పొగ బీడీయే.

చాట ముందు కూర్చున్న అక్క

ఇక మేస్త్రి అడిగిన ప్రశ్నకు వద్దాము. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో ఏ వాడకు వెళ్లినా ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టే స్త్రీలు కనిపిస్తారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడక ముందు ఇవన్నీ కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలే. ఆదిలాబాదు అడవుల్లో ఏప్రిల్, మే నెలల ఎండలో తునికాకు తెంపి, యాభై ఆకులకొక కట్ట కట్టి అమ్మేవారున్నారు. ఆ ఆకును తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టేవారు వీరు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. భర్త గల్ఫ్ దేశాలకు పోయిన ఇళ్లలో, వర్షం లేక సేద్యం పోయిన ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఈ కూలియే.

దాని ఖరీదు వారి శరీరాలు చెల్లిస్తాయి. గంటల తరబడి వంగి కూర్చోవడం వలన మెడ, నడుము నొప్పులు. పొగాకు దుమ్ము వలన దగ్గు, ఆయాసం. జీవితంలో ఒక్క బీడీ ముట్టించని స్త్రీకి కూడా చేతి చర్మం గుండా నికోటిన్ శరీరంలోకి పోతుంది.

ప్రభుత్వాలు వీరిని పూర్తిగా మరువలేదు. 1966లో బీడీ కార్మికుల కొరకు పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1976లో సంక్షేమ నిధి ఏర్పడింది. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జి.ఎస్.టి. రాకతో రద్దయింది. 1966 నాటి చట్టం 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను ప్రారంభించి, 2019లో దానిని 2,016 రూపాయలకు పెంచింది.

బల్లల కొలతలు తీసుకోవడానికి మరుసటి వారం ఆ గ్రామానికి వెళ్లినప్పుడు, కానుక ఇచ్చినవారిలో ఒక అక్కకు మేస్త్రి మాట చెప్పాము. మేస్త్రి కూడా మా పక్కనే ఉన్నాడు. ఆమె చేతిలోని కత్తెర ఆపలేదు.

"ఇష్టమైతదని ఎవలు జేస్తరు బిడ్డా గీ పని? మా ఆయన దుబాయి పోయి ఉత్త చేతులతోని వచ్చిండు. గీ చాటనే మా పిల్లలను సదివిచ్చింది. నా బిడ్డ చేతికి మాత్రం నేను కత్తెర ఇయ్యలే."

మేస్త్రి తల వంచుకున్నాడు. ఆమె ఆయన వైపు తిరిగి, "నువ్వు మానుకో తమ్మీ. నువ్వొక్కనివి మానితె నా పని పోదు" అన్నది. తర్వాత మా వైపు చూసి, "అందరు మానిన నాడు మాత్రం మీరు మమ్ముల ఇడిచిపెట్టకుండ్రి" అన్నది.

మూడు నాలుగు ప్రసంగాలు విన్నా కలగని మెలకువ మాకు ఆ మాటతో కలిగింది.

ఎఫెసు పట్టణంలో ఒక వృత్తి

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో దేమేత్రి అనే కంసాలి ఉన్నాడు. సువార్త వలన అర్తెమి దేవి వెండి గుళ్ల వ్యాపారం దెబ్బతింటుందని అతడు పట్టణాన్నంతా రేపాడు. కూలివాళ్ల బ్రతుకును ముందుకు తెచ్చి తన లాభాన్ని కాపాడుకోజూశాడు. ఈనాడు కూడా పొగాకు మీద ఆంక్ష అనగానే లాభం తీసేవారు కూలివారిని ముందు నిలబెడతారు. మనం ఈ ఇద్దరినీ వేరుగా చూడడం నేర్చుకోవాలి. లాభం వేరు, కూలి వేరు. చెమటోడ్చి బిడ్డలను పెంచిన తల్లి ఇచ్చిన పది రూపాయలను అపవిత్రమనడానికి మనమెవరము? విధవరాలి రెండు కాసులను చూచిన ప్రభువు ఆ పది రూపాయలను కూడా చూచాడు.

అయితే అక్కడితో మన మనస్సాక్షి సుఖంగా నిద్రపోరాదు. పొగాకు వలన ప్రపంచంలో ఏటా 70 లక్షలకు పైగా మనుషులు చనిపోతున్నారు. మన శరీరం దేవుని ఆలయమని యువకులకు బోధిస్తూ, ఆ పొగాకుతో తప్ప బ్రతుకు లేని స్త్రీల సంగతి మనకు పట్టదంటే, సగం సువార్తే చెప్పినట్టు. తాగేవానికి మానమని చెప్పే సంఘం, చుట్టే స్త్రీకి వేరే దారి వెదికే బాధ్యత కూడా తీసుకోవాలి.

మనం చేయగలిగినవి

మా సంఘంలో మేము అనుకొని ప్రారంభించినవి ఇవి.

బీడీ చుట్టే అక్కల పి.ఎఫ్. పుస్తకాలు, పింఛను కాగితాలు తెచ్చి చూస్తున్నాము. పేరులో ఒక అక్షరం తప్పు పడినందుకు ఆగిపోయినవి ఉన్నాయి. చదువుకున్న యువకులు ఒక పూట కూర్చుంటే దరఖాస్తులు పూర్తవుతాయి.

ఆడపిల్లల చదువు చాట దగ్గర ఆగిపోకుండా చూడాలని స్త్రీల సహవాసం వారు బాధ్యత తీసుకున్నారు. పదవ తరగతి తప్పిన పిల్లలకు సాయంత్రం పాఠాలు, ఇష్టమున్నవారికి కుట్టుపని నేర్పుతున్నారు.

పొగ మానాలనుకునే వారిని సంఘంలో నిలబెట్టి సిగ్గుపరచడం మానేశాము. అది అలవాటు మాత్రమే కాదు, శరీరాన్ని పట్టుకున్న బానిసత్వం. జాతీయ సహాయ కేంద్రానికి 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఆ నంబరు సిగరెట్టు పెట్టెల మీదనే అచ్చువేసి ఉంటుంది. మానిన 20 నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. 12 గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడు మామూలు స్థితికి వస్తుంది. ఒక సంవత్సరానికి గుండె జబ్బు అపాయం సగానికి తగ్గుతుంది. ఒకసారి జారిపడినవాడు ఓడిపోయినవాడు కాదు. మళ్లీ లేవడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

పదమూడవ బల్ల

మేస్త్రి సంగతి కూడా చెప్పాలి గదా. ఆ గ్రామం నుండి వచ్చిన మరునాడు ఆయన తన కార్ఖానాలో ఖాళీ జిగురు డబ్బా ఒకటి పెట్టాడు. సిగరెట్లకు అయ్యే డబ్బు ప్రతిరోజు అందులో వేయడం మొదలుపెట్టాడు. రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తానే వచ్చి చెప్పాడు. రెండోసారి మాలో ఒకరు రాత్రి పదకొండు వరకు కార్ఖానాలో ఆయనతో కూర్చుని బల్లలకు ఉప్పుకాగితం పట్టారు.

మట్టల ఆదివారం నాటికి పన్నెండు బల్లలు కావలసిన చోట పదమూడు వచ్చాయి. అదనపు బల్లకు కర్ర, వార్నిష్ ఆ డబ్బాలోని డబ్బుతో కొన్నవి. ఎవరికీ చెప్పవద్దన్నాడు గాని, ఆయన అనుమతి తీసుకొనే ఇది వ్రాస్తున్నాము. ఆయన పూర్తిగా గెలిచాడని ఇప్పుడే అనము. ఆయన కొరకు ప్రార్థించండి.

ఆ బల్ల మీద మొదట కూర్చున్నది కత్తెర ఆపకుండా మాట్లాడిన ఆ అక్కే. పాట అందరితో కలిసి పాడింది. ఆరాధన అయ్యాక బల్లను చేత్తో నిమిరి, "మంచిగ జేసినవు తమ్మీ" అన్నది.

ప్రియ పాఠకులారా, ఈ నెల మీ కుటుంబ ప్రార్థనలో రెండు సంగతులు ఆలోచించండి. మన ఇంట్లో పొగకు పోతున్న రూపాయి ఎంత? మన సంఘంలో పొగాకుతో బ్రతుకు వెళ్లదీస్తున్న అక్క ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబు లెక్కల పుస్తకంలో దొరుకుతుంది. రెండవదానికి లేచి ఆమె ఇంటి దాకా నడవాలి.