ఏ లాప్‌టాప్ కొనాలి? చార్జరును అడగండి!



పదో తరగతి పూర్తిచేసి పాలిటెక్నిక్‌లోనో, ఇంటర్మీడియట్‌లోనో చేరే రోజులు మీకు ఎంతో దూరంలో లేవు. మీ అన్నయ్యో, అక్కయ్యో ఇప్పటికే ఇంజనీరింగులో చేరి ఉండవచ్చు కూడా. అప్పుడు ఇంట్లో తప్పకుండా తలెత్తే ప్రశ్న ఒకటుంది: ఏ లాప్‌టాప్ కొనాలి?

దుకాణానికి వెళితే ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి పల్చగా, తేలికగా ఉంటుంది. దాని తెరను పూర్తిగా వెనక్కి మడిచేస్తే పలకలా మారిపోతుంది. తెరమీద వేలితో గాని, ప్రత్యేకమైన కలంతో గాని రాయవచ్చు. దీన్ని కన్వర్టిబుల్ అంటారు. రెండవది దళసరిగా, బరువుగా ఉంటుంది. వెనకవైపున గాలి పోయే పెద్ద పెద్ద సందులుంటాయి. దీన్ని గేమింగ్ లాప్‌టాప్ అంటారు. ఇది చాలా శక్తిమంతమైనదని దుకాణదారు చెబుతాడు. ధర కూడా మొదటిదానికంటే బాగా ఎక్కువ.

ఇంట్లోవాళ్ళు పంట డబ్బుల్లోంచో, జీతంలోంచో తీసి ఇచ్చే సొమ్ము అది. ఒకసారి కొంటే నాలుగైదేళ్ళు దానితోనే గడపాలి. కాబట్టి "శక్తిమంతమైనది" అనే మాట విని ఊరుకోకూడదు. శక్తి అంటే ఎంత? దాన్ని దేనితో కొలవాలి? అదృష్టవశాత్తూ ఈ కొలత మీకు తెలిసిందే. అది వాటు.

చార్జరు చెప్పే నిజం

లాప్‌టాప్ మీద రకరకాల మెరిసే చీటీలు అంటించి ఉంటారు. వాటిని కాసేపు పక్కన పెట్టి చార్జరును తిరగేసి చూడండి. దాని అడుగున చిన్న అక్షరాలతో రెండు సంఖ్యలుంటాయి. కన్వర్టిబుల్ చార్జరు మీద "20 ఓల్టులు, 3.25 ఆంపియర్లు" అని ఉందనుకుందాం. ఓల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీకు తెలుసు గదా! 20 × 3.25 = 65 వాట్లు. గేమింగ్ లాప్‌టాప్ చార్జరు మీద "20 ఓల్టులు, 11.5 ఆంపియర్లు" అని ఉంటే? 230 వాట్లు. అంటే మొదటిదానికి మూడున్నర రెట్లు!

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. యంత్రం ఎంత విద్యుచ్ఛక్తిని తీసుకోగలదో తెలిస్తే, అది ఎంత పని చేయగలదో చాలావరకు ఊహించవచ్చు. అయితే ఈ రొట్టెలో ఒక విచిత్రం ఉంది. విద్యుత్ మోటారు నీళ్ళను పైకి తోడుతుంది. కంప్యూటరు అలా దేన్నీ ఎత్తదు, దేన్నీ తొయ్యదు. అది తీసుకున్న శక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. శక్తి నశించదు కాబట్టి 100 వాట్ల విద్యుత్తు లోపలికి పోతే 100 వాట్ల వేడి బయటికి రావలసిందే. లాప్‌టాప్ తయారుచేసేవారికి అసలైన చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఈ చిక్కు కంప్యూటరుతోపాటే పుట్టింది. అమెరికాలో 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే కంప్యూటరులో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తును మింగేది. ఆ వేడిని తొలగించడానికి పెద్ద పెద్ద పంకాలు పెట్టవలసి వచ్చింది. 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరును చేత్తో పట్టుకుపోయే పెట్టెగా అమ్మారు. అది దాదాపు 11 కిలోగ్రాముల బరువుండేది. లోపల బ్యాటరీ కూడా లేదు! ఈనాటి కన్వర్టిబుల్ సుమారు ఒకటిన్నర కిలోగ్రాములే ఉంటుంది. అయినా "వేడి ఎటు పోవాలి?" అనే పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ఇస్త్రీపెట్టె కంటే ఘాటు

కన్వర్టిబుల్‌లోని ప్రాసెసరు సాధారణంగా 15 వాట్ల దగ్గర నడిచేలా తయారై ఉంటుంది. మరీ చవక రకాల్లో 6 వాట్లవి కూడా ఉన్నాయి. గేమింగ్ లాప్‌టాప్‌లో ప్రాసెసరు 45 వాట్లు, అంతకు మించి కూడా తీసుకుంటుంది. దానికి తోడు బొమ్మలు గీయడానికి మరో ప్రత్యేకమైన చిప్ ఉంటుంది. దాన్ని జీపీయూ అంటారు. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 అనే లాప్‌టాప్ జీపీయూను తీసుకుందాం. దాని సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 1.6 చదరపు సెంటీమీటర్లు. మన వేలిగోరంత! అది 115 వాట్ల వరకూ తీసుకోగలదు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 70 వాట్లు.

1000 వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, అక్కడ చదరపు సెంటీమీటరుకు వచ్చేది 5 వాట్లే. చూశారా! ఇస్త్రీపెట్టె కంటే పధ్నాలుగు రెట్ల ఘాటైన వేడి ఆ చిన్న ముక్కలో పుడుతోందన్నమాట.

ఈ వేడిని ఎలా తొలగిస్తారు? వేడి టీని సాసరులో పోసుకుంటే తొందరగా చల్లారుతుంది. కారణం, గాలికి తగిలే ఉపరితలం పెరగడమే. లాప్‌టాప్‌లోనూ అదే ఉపాయం. చిప్ మీద ఒక రాగి గొట్టాన్ని ఆనించి పెడతారు. గాలి తీసేసిన ఆ గొట్టంలో కొద్దిపాటి నీరుంటుంది. చిప్ దగ్గర ఆ నీరు ఆవిరై, గుప్తోష్ణాన్ని తనతో తీసుకుపోతుంది. గొట్టం రెండో కొసన పల్చని లోహపు రేకులుంటాయి. అక్కడ ఆవిరి తన ఉష్ణాన్ని వదిలి మళ్ళీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకున్న సన్నని రంధ్రాల పొర ఆ నీటిని, దీపం వత్తి నూనెను లాగినట్లు, తిరిగి చిప్ దగ్గరికి చేరుస్తుంది. రేకుల మీద పంకా గాలి విసురుతుంది.

పెద్ద రేకులకూ, పెద్ద పంకాలకూ చోటు కావాలి. అందుకే గేమింగ్ లాప్‌టాప్ దళసరిగా, బరువుగా ఉంటుంది. అది హంగు కోసం కాదు. ఇక పల్చని కన్వర్టిబుల్‌లో ఆ చోటు లేదు. కాబట్టి దానిలో తక్కువ వాట్ల చిప్ పెట్టడం తప్ప వేరే దారి లేదు.

మూడింట ఒక వంతు వేగమేనా?

ఇక్కడ మీరొక ప్రశ్న వేయాలి. "15 వాట్ల ప్రాసెసరు, 45 వాట్ల ప్రాసెసరులో మూడో వంతు వేగంతోనే నడుస్తుందా?" కానే కాదు. ఎందుకో చూద్దాం.

ప్రాసెసరులోని కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు క్షణక్షణం విద్యుదావేశాన్ని నింపుకుంటూ, ఖాళీ చేస్తూ ఉంటాయి. దీనికయ్యే సామర్థ్యం వేగాన్ని బట్టి పెరుగుతుంది. ఓల్టేజి వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే ఓల్టేజిని కూడా పెంచవలసి వస్తుంది. వేగాన్ని 1.25 రెట్లు చేయడానికి ఓల్టేజిని 1.2 రెట్లు చేయవలసి వచ్చిందనుకుందాం. అప్పుడు వాట్లు 1.25 × 1.2 × 1.2 = 1.8 రెట్లవుతాయి. అంటే వేగం పెరిగింది పావు వంతు. వేడి పెరిగింది 80 శాతం!

దీన్ని తిరగేసి చూడండి. వేగం కొంచెం తగ్గించుకుంటే వాట్లు ఎంతో ఆదా అవుతాయి. అందుకే పాఠాలు చదవడం, వ్యాసాలు టైపు చేయడం, సీ, పైథాన్ వంటి భాషల్లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం, వీడియో పాఠాలు చూడడం వంటి పనుల్లో ఈ రెంటికీ మనకు పెద్దగా తేడా తెలియదు.

నాట్లూ, అన్నమూ

మరి ఆ ఎక్కువ వాట్లు ఎక్కడ అక్కరకు వస్తాయి? మామూలు లాప్‌టాప్ తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. గుణిస్తే 20,73,600. ఆటలో బొమ్మ కదలాలంటే ఈ చుక్కలన్నిటి రంగులనూ సెకనుకు 60 సార్లు లెక్కకట్టాలి. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు! గేమింగ్ తెరలు చాలావరకు సెకనుకు 144 సార్లు మారగలవు. అప్పుడు సుమారు 29 కోట్ల 86 లక్షలు.

అయితే ఒక చుక్క లెక్క పక్క చుక్క లెక్క కోసం ఆగనక్కరలేదు. వరినాట్లు చూశారు గదా. ఒక్కరు నెలరోజులు వేసే నాట్లను ముప్ఫైమంది ఒక్కరోజులో వేస్తారు. జీపీయూ అలాంటి కూలీల బృందం. ఆర్‌టీఎక్స్ 4060లో 3072 చిన్న చిన్న లెక్కింపు విభాగాలున్నాయి. మూడు కొలతల బొమ్మల రూపకల్పన, పెద్ద వీడియోల కూర్పు, కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడం కూడా నాట్లలాంటి పనులే. ఇలాంటివి రోజూ చేసేవారికి కన్వర్టిబుల్ చాలదు. వాళ్ళు అది కొంటే గంటల తరబడి తెర చూస్తూ కూర్చోవలసిందే.

కాని కుండలో అన్నం ఉడకడానికి ముప్ఫైమంది వంటవాళ్ళు నిలబడితే లాభమేమిటి? ఒకదాని తర్వాత ఒకటిగా సాగే పనికి జీపీయూ ఏమీ సాయపడదు. అటువంటి పనులే చేసేవారు దాని ధర చెల్లించడం, దాని బరువు మోయడం వృథా.

బ్యాటరీ లెక్క

ఇప్పుడు బ్యాటరీ సంగతి. బ్యాటరీ మీద "11.4 ఓల్టులు, 4400 మిల్లీ ఆంపియర్ అవర్లు" అని ఉంటే, 11.4 × 4.4 = సుమారు 50 వాట్-అవర్లు. తేలికపాటి పనికి కన్వర్టిబుల్ 8 వాట్లు వాడుకుంటుందనుకుంటే, 50 ÷ 8 = ఆరుంపావు గంటలు వస్తుంది.

గేమింగ్ లాప్‌టాప్‌లో 80 వాట్-అవర్ల బ్యాటరీ ఉందనుకుందాం. తేలికపాటి పనికి 20 వాట్లు వాడితే 4 గంటలు. కాని ప్రాసెసరు 45, జీపీయూ 115, మొత్తం 160 వాట్లతో పూర్తిగా పనిచేయిస్తే 80 ÷ 160 = అరగంటే! నిజానికి అంత సామర్థ్యాన్ని బ్యాటరీ ఇవ్వలేదు కాబట్టి, ప్లగ్గు తీయగానే యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. డబ్బిచ్చి కొన్న శక్తి గోడకున్న ప్లగ్గు దగ్గరే దొరుకుతుందన్నమాట. "ఇంకా పెద్ద బ్యాటరీ పెట్టవచ్చు గదా?" అంటారేమో! విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్ళే బ్యాటరీకి 100 వాట్-అవర్ల హద్దుంది. అందువల్ల తయారీదారులు సాధారణంగా ఆ హద్దు దాటరు.

కరెంటు బిల్లు కూడా చూద్దాం. రోజుకు 4 గంటల చొప్పున 30 రోజులు 160 వాట్లు వాడితే 19.2 యూనిట్లు. 10 వాట్లు వాడితే 1.2 యూనిట్లే. హాస్టలులో ఒకే ప్లగ్గును నలుగురు పంచుకునేచోట, కరెంటు పోయి వచ్చేచోట ఈ తేడా బాగా తెలుస్తుంది. చార్జరుతో కలిపి మూడు కిలోగ్రాములు దాటే బరువును రోజూ సంచిలో మోసే భుజానికి మరీ బాగా తెలుస్తుంది.

దుకాణంలో మోసపోకండి

దుకాణంలో ఐదు నిమిషాలు నడిపి చూస్తే కన్వర్టిబుల్ కూడా చురుకుగానే ఉంటుంది. ఎందుకంటే చల్లగా ఉన్నంతసేపు 15 వాట్ల ప్రాసెసరు కూడా కొద్దిసేపు అంతకు రెట్టింపు తీసుకుని పరుగెత్తగలదు. ఆ వేడిని లోపలి లోహం పీల్చుకుంటుంది. లోహం వేడెక్కి, చిప్ ఉష్ణోగ్రత దాదాపు 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందంటే వేగం తగ్గించుకోక తప్పదు. అందుచేత వీలైతే బరువైన పనిని ఇరవై నిమిషాలు నడిపి చూడాలి.

గేమింగ్ రకంలోనూ ఒక మెలిక ఉంది. ఒకే పేరున్న జీపీయూను ఒక తయారీదారు 60 వాట్లకు, మరొకరు 115 వాట్లకు అమర్చవచ్చు. పేరొకటే, పని వేరు. కాబట్టి "ఏ జీపీయూ?" అని అడిగి ఊరుకోకుండా "ఎన్ని వాట్లు?" అని కూడా అడగాలి.

కన్వర్టిబుల్ కొనేవారు మరో మూడు విషయాలు అడగాలి. తెర వేలిని గుర్తించినంత మాత్రాన సన్నగా రాసే కలాన్ని గుర్తిస్తుందని నమ్మకం లేదు. గణిత సమీకరణాలు, సర్క్యూటు పటాలు చేత్తో రాసుకోవడానికి ఆ కలమే ముఖ్యం గనుక, రాసి చూడాలి. రెండు, దీనిలో జ్ఞాపకశక్తి చిప్‌లను సాధారణంగా బోర్డుకే అతికిస్తారు. తర్వాత పెంచుకోవడం కుదరదు. కాబట్టి 8 జీబీకి తగ్గకుండా, వీలైతే 16 జీబీ ఉన్నది తీసుకోవాలి. మూడు, స్పర్శ తెర పగిలితే అద్దమూ, తెరా కలిపి మార్చవలసి రావచ్చు. ఆ ఖర్చెంతో ముందే కనుక్కోవాలి.

కొనబోయే ముందు ఒక కాగితం మీద మీరు వారంలో ఏయే పనులు చేస్తారో, ఒక్కొక్కటి ఎన్ని గంటలు చేస్తారో రాయండి. ఎదురుగా ఆ పని "నాట్లా? అన్నమా?" అని రాయండి. నాట్ల గంటలు ఎక్కువగా ఉండి, ఎప్పుడూ ప్లగ్గు దగ్గరే కూర్చోగలిగితే గేమింగ్ లాప్‌టాప్ సరైనది. అన్నం గంటలే ఎక్కువైతే కన్వర్టిబుల్ చాలు. మిగిలిన డబ్బు ఫీజుకో, పుస్తకాలకో పనికి వస్తుంది.

ఈలోగా మీ ఇంట్లో ఉన్న చార్జర్లన్నీ తిరగేసి, ఓల్టులూ ఆంపియర్లూ గుణించి ఒక పట్టిక తయారుచేయండి. సెల్‌ఫోనుదీ, టీవీ పెట్టెదీ, ఎవరిదైనా లాప్‌టాపు ఉంటే దానిదీ. ఏ పరికరం ఎంత వేడెక్కుతుందో చేత్తో తాకి చూసి ఆ పట్టికతో పోల్చండి.