పెంపుడు ఎలుకల ఆహారము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతునకు ఎలుక పరమశత్రువు. పొలములో జొన్నకంకిని, ఇంటిలో వేరుసెనగ బస్తాను అది విడువదు. అయినను ముద్దుకొఱకు పెంచు తెల్ల ఎలుక వేఱు. గోధుమవన్నె ఎలుకలనే మనుష్యులు తరతరములుగా పెంచి సాధువులను జేయగా నిది యేర్పడినది. స్వేచ్ఛగా తిరుగు ఎలుక తనకు వలసిన దానిని తానే వెదకికొనును. పంజరములోని ఎలుక పెట్టినదే తినవలెను. కావున దాని ఆరోగ్యమునకు పెంచువాడే బాధ్యుడు.

ఎలుక యేమి తినవలెనను ప్రశ్న చిన్నది కాదు. 1912లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హాప్కిన్స్, శుద్ధిచేసిన మాంసకృత్తులు, పిండి, కొవ్వు, లవణములు మాత్రమే పెట్టి పిల్ల ఎలుకలను పెంచిచూచెను. వాని పెరుగుదల నిలిచిపోయెను. కొలదిగా పాలు చేర్చగనే అవి మరల పెరుగసాగెను. విటమినుల ఆవశ్యకత యిట్లు స్పష్టపడినది. ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించినది. నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు భారతదేశపు వివిధ ప్రాంతముల ప్రజల భోజనములను ఎలుకలకు పెట్టి పరీక్షించెను. గోధుమరొట్టె, పప్పు, పాలు, వెన్న, కూరగాయలు తిన్నవి చక్కగా పెరిగెను. బియ్యము ప్రధానముగా గల భోజనము తిన్నవి వెనుకబడెను. ఆ కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ.

పెరిగిన ఎలుక దినమునకు సుమారు 15 మొదలు 20 గ్రాముల ఆహారము తినును. ఇందుకు ఈ నేలలో పండు జొన్న, కొఱ్ఱ, సజ్జలు మిక్కిలి తగినవి. అయితే ధాన్యములలో లైసిన్ అను మాంసకృత్తు భాగము తక్కువ. ఆ లోటును పప్పుదినుసులు పూరించును. అందుచే ధాన్యము మూడుపాళ్లు, ఉడికించిన పెసలు గాని శనగలు గాని ఒకపాలు చొప్పున కలుపుట మంచిది. వారమున కొకటి రెండుమారులు ఉడికిన గ్రుడ్డుముక్కను, ప్రతిదినము కొంచెము తోటకూరనో, మునగాకునో, దోసముక్కనో పెట్టవలెను. విటమిన్ సి మాత్రము బయటినుండి యీయ నక్కఱలేదు. మనుష్యుని శరీరము చేసికొనలేని ఆ విటమినును ఎలుక శరీరము తానే చేసికొనగలదు.

ఇక్కడ నొక చిక్కు గలదు. అన్నియు కలిపి పెట్టినచో ఎలుక రుచిగల వేరుసెనగ గింజలను ముందుగా ఏరి తిని, తక్కినవానిని విడిచిపెట్టును. కొవ్వు మితిమీరి అది స్థూలించును. పాత్ర ఖాళీయైన పిమ్మటనే మరల పెట్టుటయో, జొన్నపిండిలో శనగపిండి కలిపి ఉప్పులేని చిన్నరొట్టెలు కాల్చి పెట్టుటయో దీనికి విరుగుడు.

వేరుసెనగ విషయమున మఱియొక జాగ్రత్త ముఖ్యము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు హఠాత్తుగా మరణించెను. వానికి పెట్టిన వేరుసెనగ పిండిలో బూజు వలన పుట్టిన విషము దీనికి కారణమని తేలినది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరిడిరి. అట్టి పిండిని తిన్న ఎలుకలకు కాలేయమున పుట్టకురుపు లేచుట 1961లో కనుగొనిరి. కడిగినను, వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. ఎలుకకు వాంతి చేసికొను శక్తియు లేదు. క్రొత్త ఆహారమును అది మొదట కొంచెముగా కొఱికి చూచుట కిదియే కారణమని తలతురు. కావున బూజుపట్టిన, ముడుతపడిన, రంగుమారిన గింజలను పాఱవేయవలెను. మనుష్యుడు తినదగని గింజ ఎలుకకును తగదు.

ఉగ్గాణి, మిరపకాయబజ్జీల మిగులు, ఊరగాయ, చాక్లెట్టు, ఉల్లిపాయ దానికి పెట్టరాదు. ఈ ప్రాంతపు వేసవి కఠినము. ఎలుక దేహమునకు మనవలె చెమటపట్టి చల్లబడు శక్తి లేదు. కావున పంజరమును నీడయందుంచి, చల్లని మంచినీటిని దినమునకు రెండుమారులు మార్చవలెను.

ఇట్లు పోషించిన ఎలుక రెండు మూడు సంవత్సరములు జీవించును. ఆ స్వల్పకాలములో అది తన ఆకలిని నోరు తెఱచి చెప్పుకొనలేదు. ప్రీతితో పాటు తెలివిని గూడ చేర్చి పెట్టిన పిడికెడు జొన్నలే దానికి మేలుచేయును.