కంట్రోల్ మాడ్యూల్ మార్చే ముందు చిలుము వెతకాలి

అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. అక్కడి డైరీ ఫార్మ్ ప్రాంతంలో ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ బండి మొరాయించిందనుకుందాం. స్కానర్ పెడితే ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్ (ఈసీఎం) స్పందించడం లేదు. కొత్తది చెన్నై నుంచి తెప్పించాలంటే సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం. ఓడలో దాదాపు మూడు రోజులు. ఇంతా చేసి బిగించాక బండి కదలకపోతే?

అలా జరగడానికి తేమే చాలు, అందులో ఉప్పు కలిసినది మరీను. కనెక్టర్‌లోకి ఉప్పునీరు చేరితే, వోల్టేజి ఉన్న పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య చిన్న విద్యుద్విశ్లేషణే మొదలవుతుంది. ధనధ్రువం వైపు రాగి కరిగి, ఇత్తడి చెంబు మీద పట్టే చిలుములాంటి పచ్చని పొర మిగులుతుంది. ఎర్త్ వైరు అతుకు దగ్గర 0.1 ఓమ్ నిరోధం చేరిందంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ దానిగుండా 10 ఆంపియర్లు పారితే ఓమ్ సూత్రం ప్రకారం 1 వోల్టు అక్కడే పోతుంది. చాలా సెన్సర్లు పనిచేసేది 5 వోల్టుల లోపే! ఎర్త్ వేరేచోట ఉన్న సెన్సర్ సంకేతం ఈసీఎంకు ఆ మేరకు తప్పుగా అందుతుంది. దోషం అతుకుది, నింద పెట్టెది.

ఈసీఎం, ఫోర్‌వీల్ డ్రైవ్ మాడ్యూల్ వంటివి మెలేసిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. బాష్ సంస్థ 1986లో ప్రకటించిన 'క్యాన్' పద్ధతి ఇది. తీగల రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధకాలుంటాయి. బ్యాటరీ తీసి మల్టీమీటర్‌తో కొలిస్తే సుమారు 60 రావాలి. 120 చూపితే ఒక చివర తెగినట్టు. చవకైన మీటర్ చేసే ఈ పరీక్షను ముందే చేయడం మేలు.

పెట్టె నిజంగానే పాడైతే మార్చక తప్పదు. అయితే కొత్త ఈసీఎంకు ఆ బండి ఎవరో తెలియదు. ఛాసిస్ నంబరు రాయాలి. తాళంచెవిలోని చిప్‌ను గుర్తించేలా ఇమ్మొబిలైజర్‌తో జత చేయాలి. చాలా కామన్ రైల్ డీజిల్ ఇంజిన్లలో ఒక్కో ఇంజెక్టర్ మీద ముద్రించిన సవరణ కోడ్‌నూ ఎక్కించాలి. ప్రోగ్రామ్ రాసేటప్పుడు వోల్టేజి పడిపోతే కొత్త పెట్టే పనికిరాకుండా పోవచ్చు. అందుకే బ్యాటరీకి స్థిరమైన సరఫరా కలిపి ఉంచుతారు.

పాత పెట్టె కొనఊపిరితో ఉండి స్కానర్‌కు అప్పుడప్పుడైనా జవాబిస్తుంటే, విప్పకముందే అందులోని వివరాలు చదివి దాచుకోవచ్చు.