పున్నమికి వరద ఎందుకు తీయదు?

ధవళేశ్వరం: బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఈ అంకెలు లంకల్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. పెద్దవాళ్లు మాత్రం వీటితోపాటు పంచాంగం కూడా చూస్తారు. "పున్నమి దగ్గర పడింది, సముద్రం నీళ్లు తీసుకోదు" అంటారు. చదువుకున్న కుర్రాళ్లు కొందరు దీనిని మూఢనమ్మకం కింద కొట్టిపారేస్తున్నారు. అది పొరపాటు.

ముందు కాలువల సంగతి చూద్దాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడు 175 గేట్ల బ్యారేజీ ఉన్నది. ఇక్కడి నుంచి డెల్టా కాలువలకు నీరు పంపడానికి అప్పుడూ ఇప్పుడూ యంత్రం లేదు. నేల సముద్రం వైపు మైలుకు సుమారు అడుగు చొప్పున వాలి ఉన్నది. తూములు తెరిస్తే చాలు, మిగతా పని భూమి ఆకర్షణ చూసుకుంటుంది.

కొబ్బరికాయను కిందికి లాగేదీ ఆ శక్తే. చెట్టు నుంచి ఊడిన కాయ మొదటి సెకనులో 16 అడుగులు పడుతుంది. చంద్రుడు కూడా అలాగే పడుతున్నాడని 1687లో అచ్చయిన తన గ్రంథంలో న్యూటన్ లెక్కకట్టి చూపించాడు. భూమి మధ్య నుంచి మనకంటే చంద్రుడు 60 రెట్లు దూరం. కాబట్టి లాగుడు అరవై అరవైల చొప్పున, అంటే 3,600 రెట్లు తగ్గుతుంది. సెకనుకు చంద్రుడు పడేది వడ్లగింజ మందం కూడా ఉండదు. అదే సెకనులో పక్కకు కిలోమీటరు దూరం పరుగెత్తుతాడు. అందుకే ఎంత పడినా నేలకు తగలడు, చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

భూమి చంద్రుణ్ణి లాగితే చంద్రుడు ఊరుకుంటాడా? అతనూ భూమిని లాగుతాడు. తనవైపున్న సముద్రాన్ని ఎక్కువగా, నడుమనున్న భూమిని కొంచెం తక్కువగా, అవతలి సముద్రాన్ని ఇంకా తక్కువగా లాగుతాడు. తీర్థానికి నడిచే ముగ్గురిలో ముందువాడు జోరుగా, వెనకవాడు మెల్లగా నడిస్తే నడిమివాడికి రెండు పక్కలా ఎడం పెరుగుతుంది కదా! అలాగే నీరు రెండు వైపులా ఉబ్బుతుంది. కనుక మన తీరాన రోజుకు రెండుసార్లు పోటు. చంద్రోదయం రోజూ రెండు ఘడియలు వెనక్కి జరిగినట్టే పోటు కూడా సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అంతర్వేదిలో, ఓడలరేవులో వేటకు వెళ్లేవారికి ఇది ఒకరు చెప్పాలా?

సూర్యుడూ లాగుతాడు గాని, చాలా దూరం కనుక అతని పోటు చంద్రుడి దానిలో సగం కూడా ఉండదు. అమావాస్యకూ పున్నమికీ ముగ్గురూ ఒకే వరసలోకి వస్తారు, పోటు పెద్దదవుతుంది. అష్టమికి చెరో దిక్కుకు లాగడంతో తగ్గుతుంది.

ఇప్పుడు వరదకు వద్దాం. మైలుకు అడుగు వాలు ఉన్నచోట సముద్రం నాలుగడుగులు లేస్తే చివరి నాలుగు మైళ్ల వాలు పోయినట్టే. వాలు పోతే పరుగు పోతుంది. నదికి వరద ఉద్ధృతి ఉంటుంది కనుక కొంత నెట్టుకుపోతుంది. పాపం మురుగు కాలువకు ఆ బలం లేదు. పోటు వేళ నిలిచిపోతుంది, ఒక్కోసారి వెనక్కి ఎగదన్నుతుంది. నాట్లు మునిగిన రైతుకు ఒక్కరోజు ఆలస్యమైనా నష్టమే.

వరద తెచ్చేది ఎగువ వానలే, చంద్రుడు కాదు. 1986 ఆగస్టు 16న ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడు రోజులకు పున్నమి. 2022లో జూలై 13న పున్నమి, 16, 17 తేదీల్లో 25 లక్షలు దాటింది. రెండూ కాకతాళీయమే. తీయడం దగ్గరే తిథి లెక్కకు వస్తుంది. పోటుకూ పోటుకూ మధ్య ఆరేసి గంటలు ఆటు ఉంటుంది. మురుగు కాలువల్లో గుర్రపుడెక్క ముందే తీసి ఉంచితే, నిలిచిన నీరు లాగేది ఆ గంటల్లోనే.